ఏరు దాటినవాని ఋణము

మన టాటానగరునకు సముద్రము లేదు. అయినను సముద్రమునకు పోవు నీరు మన యిండ్ల చెంతనే ప్రవహించుచున్నది. సోనారి యొద్ద దోముహాని అను చోట ఖర్కాయి నది సువర్ణరేఖలో కలియుచున్నది. రాంచీ చేరువను పుట్టిన సువర్ణరేఖ మన ఉక్కు పట్టణమును ఒరసికొని పారి, పశ్చిమ బెంగాలును ఒడిశాను దాటి బంగాళాఖాతమున పడుచున్నది. అదే బంగాళాఖాతమున, దక్షిణముగా ఎంతో దూరమున, అంతర్వేది యొద్ద గోదావరి పాయయైన వసిష్ఠ కలియుచున్నది. దోముహాని ఒడ్డున సాయంకాలము కూర్చుండు తెలుగువాడు ఆ నీటిని చూచి తన దేశపు రేవులను తలంచుకొనుట సహజమే. నేనును ఆలాగే ఒక రేవును తలంచుకొంటిని. అయితే నన్ను దానియొద్దకు నడిపించినది నీరు కాదు, ఒక ప్రశ్న.

కొంతకాలము క్రిందట ఈ నగరమందలి ఒక తెలుగు సంఘపు పెద్దల కూటములో కూర్చుండి యుంటిని. ఆదివారపు తెలుగు ఆరాధనను నిలిపివేసి, దానిని హిందీ ఆరాధనతో కలుపవలెనను ప్రతిపాదన వచ్చెను. దానిని తెచ్చినవాడు భక్తిగల యువకుడు, ఇంజనీరు. అతని తాత శ్రీకాకుళము ప్రాంతమునుండి కూలికై వచ్చి కొలిమియొద్ద చెమటోడ్చినవాడు. "అయ్యగారూ, మా పిల్లలకు తెలుగు చదువ రాదు. ఆ ఆరాధనకు వచ్చువారు పాతికమంది. వారిలో సగము ముసలివారు, మిగిలినవారు ఊళ్లనుండి క్రొత్తగా వచ్చిన పనివారు. పాతికమంది కొరకు ఇంత ఖర్చు, ఇంత ప్రయాస అవసరమా?" అని అతడు అడిగెను. అతని మాటలో ద్వేషము లేదు, అతని లెక్కలో తప్పును లేదు. నేను ఆనాడు సమాధానము చెప్పలేకపోతిని.

ప్రశ్న యేమనగా, దాటినవారు ఇంకను దాటనివారికి ఏమైనను ఋణపడి యున్నారా? ఋణపడి యున్నయెడల ఆ ఋణము ఎంతమట్టుకు? మన పెద్దలు దీనిని ఒక సామెతలో పెట్టిరి. ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, ఏరు దాటిన పిమ్మట బోడి మల్లయ్య. ఈ సామెత విని మనము నవ్వుదుము. ఏలయనగా బోడి మల్లయ్య అని పిలిచినవాడు ఎవడో పరాయివాడని తలంతుము.

ఆ పరాయివాడను నేనే యని నాకు తెలిసినది నరసాపురము రేవులో. గోదావరి ధవళేశ్వరము దిగువను గౌతమి, వసిష్ఠ అను పాయలుగా చీలును. వసిష్ఠకు ఈవల నరసాపురము, ఆవల కోనసీమ ప్రక్కను సఖినేటిపల్లి. ఈ రెంటి నడుమ తరతరములుగా నడుచుచున్న రేవు అది. 1836లో మన దేశమునకు వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ అను మిషనెరీలు నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో పరిచర్య చేసిరి. బాటలు కొరవడిన ఆ లంకల నాట సువార్త సైతము పడవలోనే ప్రయాణము చేయవలసి యుండెను. నేడు ఆ రేవులో మోటారుసైకిళ్లు, ఆటోలు, కార్లు కూడ ఎక్కదగిన పంటు నడుచును. కొబ్బరికాయల బస్తాలు, చేపల గంపలు, కళాశాలకు పోవు పిల్లలు, ఆసుపత్రికి పోవు గర్భిణులు, అంతర్వేది తీర్థమునకు పోవు యాత్రికులు, అందరును ఒకే బల్లమీద నిలిచి దాటవలసినదే. సముద్రము దాపుననుండుటచేత అచ్చట పోటును ఆటును ఎరిగియే పంటు నడుపవలెను. ఆటువేళ ఇసుక మేటలు పైకి తేలును. వరద వచ్చినచో రేవు మూయబడును. అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి పోవలసినదే. చేతిలో సొమ్మును కాలమును ఉన్నవానికి అది చుట్టుదారి మాత్రమే. కూలికి పోవు స్త్రీకి అది ఆనాటి కూలి.

ఒకనాటి సాయంకాలము ఆవలి ఒడ్డున ఉజ్జీవ కూటములలో ప్రసంగించుటకై నేను ఆ రేవునకు ఆలస్యముగా చేరితిని. పంటు బయలుదేర సిద్ధముగా నుండెను. నేను చేయి యెత్తి కేకవేయగా సరంగు ఆగెను. నేను ఎక్కితిని, దేవుని స్తుతించితిని. పంటు పది బారల దూరము పోయిన తరువాత ఒడ్డుననుండి మరియొక కేక వినబడెను. ఒక ముదుసలి స్త్రీ, వెంట ఒక పిల్ల, తలమీద మూట. సరంగు పంటును వెనుకకు త్రిప్పెను. ప్రయాణికులు సణిగిరి. అందరికంటె బిగ్గరగా సణిగినవాడను నేనే. "ఏమయ్యా, అవతల కూటమునకు వేళ మించిపోవుచున్నది. ఒక్కరి కొరకు ఇంతమందిని ఆపెదవా?" అంటిని. అతడు చుక్కాని విడువకనే, కోపము లేకుండ, "అయ్యగారూ, ఇందాక తమరి కోసం ఆగేం గదండీ" అనెను.

ఆ రాత్రి నేను ప్రసంగించితిని గాని, ఆ దినపు ప్రసంగము రేవులోనే జరిగిపోయెను. పావుగంట క్రిందట ఒడ్డున నిలిచి కేకవేసినవాడను నేను. పంటు నా కొరకు ఆగినప్పుడు అది నాకు కృపగా తోచెను. అదే పంటు మరియొకరి కొరకు ఆగినప్పుడు అది నాకు అన్యాయముగా తోచెను. మనిషి మనస్సు మారుటకు పది బారల నీరు చాలును.

ఈ రేవుల విషయమై మన దేశపు చట్టములు ఏమనెనో చూచినచో ఆశ్చర్యము కలుగును. ఉత్తరాది రేవులకై 1878లోను, మద్రాసు రాజధానికై 1890లోను చట్టములు చేయబడెను. ప్రభుత్వ రేవు యొక్క సుంకమును వేలమువేసి పాటదారునకు ఇయ్యవచ్చును. అయితే 1878 నాటి చట్టము ఒక నిబంధన విధించెను. ఆ సుంకముల పట్టికను అచ్చటి దేశభాషలో, అందరికిని కనబడునట్లు, రేవు దగ్గర తగిలింపవలెను. హెచ్చుపాట పాడినవాడు రేవు హక్కును కొనవచ్చును గాని, ఒడ్డున నిలిచిన పేదవానికి తెలియని భాషలో అతనివద్ద సుంకము తీసికొనకూడదు. పరదేశపు పాలకులు రాసిన చట్టమైనను, రేవు ధనవంతుని సొత్తు కాదని అది ఒప్పుకొన్నది. దాటుట అనునది దయగా ఇచ్చు భిక్షము కాదు, అది ఒకరికొకరము చెల్లించవలసిన బాకీ. ఏలయనగా నదిని వారి యూరి ముందర పెట్టినవాడు ఆ పేదవాడు కాడు.

పరిశుద్ధ గ్రంథములో రేవు ప్రస్తావన బహు కొద్ది. రెండవ సమూయేలు 19వ అధ్యాయములో ఒకటి కలదు. అబ్షాలోము తిరుగుబాటు అణగిన తరువాత దావీదు యొర్దానుకు తిరిగివచ్చుచున్నాడు. రాజు ఇంటివారిని దాటించుటకై ఒకటి నదిని దాటెను. ఆ ఒకటి ఏమిటి? హెబ్రీలో 'అబారా' అను మాట కలదు, దాటునది లేక దాటు చోటు అని దాని భావము. 1611 నాటి ఆంగ్ల తర్జుమా అచ్చట పడవను చూచెను. తరువాతి తర్జుమాలలో కొన్ని కాలినడకను దాటు రేవును చూచెను. క్రీస్తుకు పూర్వము గ్రీకులోనికి తర్జుమా చేసిన పండితులు మరియొకదానిని చూచిరి. రాజును దాటించుటకై వారు సేవ చేసిరని వారు వ్రాసిరి. ఇది ఎట్లు కలిగెను? హెబ్రీ లిపిలో దాలెతు, రేషు అను అక్షరములు అన్నదమ్ములవలె నుండును. రేషు ఉన్నచో 'అబారా', దాటించుట. దానిని దాలెతుగా చదివినచో 'అబోదా', సేవ. అబోదా అనగా కూలివాని పనియు అగును, దేవుని ఆరాధనయు అగును.

తర్జుమా పనిలో ఏండ్లు గడపిన నాకు ఇట్టి అక్షరభేదములు సాధారణముగా తలనొప్పిని కలుగజేయును. ఇది మాత్రము నాకు ఆనందము కలుగజేసెను. మూలపాఠము ఏదియైనను కానిమ్ము, లేఖకుని కలము ఒక్క గీత తేడాతో రేవును ఆరాధనను ప్రక్కప్రక్కన నిలిపినది. మన భాషకును ఈ పొరుగుతనము తెలియును. తీర్థము అను మాటకు మొదటి అర్థము నదిని దాటు రేవే. తరించుట అనగా దాటుటయే. రక్షణను గూర్చి పలుకునప్పుడు మన పూర్వుల నోట వచ్చిన మాట పడవవాని మాట.

ఆ అధ్యాయములో రేవు ఎవరి కొరకు? యోధుల కొరకు కాదు, రాజు ఇంటివారి కొరకు. బలాఢ్యులు మొలలోతు నీటిలో నడచి దాటగలరు. స్త్రీలు, చిన్నపిల్లలు, వృద్ధులు దాటలేరు. నడచి దాటలేనివారి కొరకే రేవు. అచ్చటికి ఎవరెవరు వచ్చిరో చూడుడి. రాజును శపించి రాళ్లు రువ్విన షిమీ వచ్చి సాగిలపడెను. గిలాదునుండి ఎనుబది ఏండ్ల బర్జిల్లయి వచ్చెను. రాజు అడవిపాలైన దినములలో అతనికి ఆహారమిచ్చి పోషించినవాడు ఇతడే. రాజు అతనిని యెరూషలేమునకు పిలువగా, నాకిక రుచులు పాటలు ఎందుకు, నేను నా ఊరనే చనిపోవుదును, నాకు బదులుగా ఈ కింహామును తీసికొనిపొమ్మని అతడు మనవి చేసెను. రాజును సాగనంపుటకై నది దాటించి, ముద్దుపెట్టుకొని, దీవెన పొంది, తన స్థలమునకు తిరిగిపోయెను. తన చోటు ఒక పడుచువానికి ఇచ్చి, తాను తిరిగిపోయినవాడు ఇతడు. బర్జిల్లయి అను పేరు హెబ్రీలో 'బర్జెల్' అను మాటనుండి వచ్చినది, దాని అర్థము ఇనుము. ఇనుప పట్టణమున కాపురమున్న మనము ఈ పేరును మరువదగదు. ఇనుమువంటి మనిషి యొక్క బలము అతడు రాజధానిలో ఎంత పైకెక్కెనో దానిలో లేదు, దాటించి తిరిగిపోవుటలో ఉన్నది.

ఇచ్చట ఒక గంభీరమైన ఆక్షేపణ కలదు, దానిని దాటవేయుట న్యాయము కాదు. పడవ నిండినప్పుడు ఏమి చేయవలెను? ఒడ్డున కేకవేయు ప్రతివాని కొరకును తిరిగివచ్చిన పడవ ఎవరినిని అవతలికి చేర్చదు. జాలిపడి ఒకనిని ఎక్కువగా ఎక్కించుకొన్న పడవ అందరిని ముంచివేయును. మన నదులమీద ఎన్ని కుటుంబములు ఇట్టి అజాగ్రత్తకు ఏడ్చెనో మనకు తెలియును. కాబట్టి నిండిన పడవ నడుపువాడు 'లేదు' అని చెప్పుట కఠినత్వము కాదు, అదియు ప్రేమయే. సంఘమునకును సొమ్మునకును మనుష్యుని బలమునకును కొలత కలదు. అందరిని ఒక్కసారి మోయగలనని తలంచువాడు తన్ను దేవునిగా ఎంచుకొనుచున్నాడు.

అయితే నిండిన పడవవాడు చెప్పు 'లేదు' అను మాటకును, దాటినవాడు చెప్పు 'లేదు' అను మాటకును భేదము కలదు. పడవవాడు, ఇప్పుడు కాదు, మరల వచ్చెదనని చెప్పును. దాటినవాడు, నాకిక రేవుతో పని లేదని చెప్పును. పడవవాని ప్రేమ ఎంతమందిని ఎక్కించుకొనెనో దానివలన తెలియబడదు, తిరిగి వచ్చెనా లేదా అను దానివలననే తెలియబడును. రేవు పడవ చేయు ప్రయాణములలో సగము తిరుగు ప్రయాణములే. ఒకవైపునకే పోవు పడవ రేవు పడవ కాదు, అది పారిపోవువాని పడవ.

ఈ కాలమున ఆ రెండవ 'లేదు' వంతెనల రూపములో వచ్చుచున్నది. వంతెనలు కీడని నా భావము కాదు. వంతెనను నిందించుట టాటానగరు నివాసికి తగునా? 1943లో తెరువబడిన హౌరా వంతెనకు పట్టిన ఇంచుమించు 26,500 టన్నుల ఉక్కులో 23,000 టన్నులు మన పట్టణపు కొలుములనుండి పోయినవే. గౌతమిమీద యానాము, ఎదుర్లంకల నడుమ 2002లో తెరువబడిన వంతెనకు, ఆ యేడాది మార్చి 3న హెలికాప్టరు ప్రమాదమున మరణించిన లోక్‌సభ సభాపతి, కోనసీమ బిడ్డ జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టబడినది. ఎందరి కన్నీళ్లనో ఆ వంతెనలు తుడిచినవి. అయినను వంతెన చేరని లంకలు ఇంకను కలవు. అధికారియు వ్యాపారియు వైద్యుడును తానును ఒకే పంటుమీద దాటిన దినములలో ఆ రేవు చెడిపోయినచో అందరును కేకలు వేసిరి. బలముగలవారు వంతెనమీదికి ఎక్కిన తరువాత, రేవులో మిగిలినవారి కేక ఎవరికి వినబడును? పడవ పాతబడును, పాట ధర తగ్గును, తనిఖీ మందగించును.

2018 జులై 14న గౌతమి పాయలో పశువుల్లంక యొద్ద ఏమి జరిగెనో మరువరాదు. బడినుండి తమ లంక గ్రామములకు తిరిగిపోవు పిల్లలను ఎక్కించుకొన్న నాటుపడవ ప్రవాహపు ఉధృతిలో కొట్టుకొనిపోయి బోల్తాపడెను. ఏడుగురు నీటిపాలైరి, వారిలో అధికులు బడికి పోయి వచ్చుచున్న బాలికలు. ఆ పడవ తగిలినది దేనికో తెలియునా? కట్టుచున్న వంతెన స్తంభమునకు. రేపటి వంతెన నేటి పడవను బద్దలు చేసెను. ఆ స్తంభమును నిలిపినవారిలో ఎవరికిని ఆ పిల్లలమీద పగ లేదు. అయితే వంతెన పూర్తియగు దినమువరకు పిల్లలు బడికి పోకుండ ఉండరు గదా! రాబోవు మేలును కట్టువారు, అది వచ్చువరకు నీటిమీద నుండువారిని కాపాడవలెను. ఇది ఇంజనీరు ధర్మము మాత్రమే కాదు, సంఘ ధర్మమును అదియే.

మన ప్రభువును చూడుడి. ఒక సాయంకాలమున ఆయన అద్దరికి పోవుదమని శిష్యులతో చెప్పి, జనసమూహమును విడిచి పడవలో బయలుదేరెను. దారిలో తుపాను లేచెను, పడవ నీటితో నిండెను, శిష్యులు చావునకు భయపడిరి. ఇంత ప్రయాసపడి ఆయన చేరిన అద్దరిని ఎవరుండిరి? గెరాసేనుల దేశమున సమాధులలో నివసించు ఒక్క మనుష్యుడు, ఎవరును కట్టి నిలుపలేనివాడు, అందరును విడిచిపెట్టినవాడు. మార్కు సువార్త ప్రకారము ఆ ఒక్కనిని బాగుచేసిన పిమ్మట, ఆ దేశస్థులు తమ ప్రాంతమును విడిచిపొమ్మని వేడుకొనగా ఆయన మరల పడవ ఎక్కెను. మన ఇంజనీరు సోదరుని లెక్క ప్రకారము చూచినచో, పండ్రెండుగురిని ప్రమాదమునకు లోను చేసి ఒక్కని కొరకు పడవ నడుపుట వృథా వ్యయము. అయితే ఆ ఒక్కడు పడవలో తానును వచ్చెదనని బతిమాలినప్పుడు ప్రభువు ఒప్పుకొనక, నీ యింటివారియొద్దకు పొమ్మని పంపెను. దాటింపబడినవాడు తన ఒడ్డున తానే రేవు కావలసి యుండెను. నిజమునకు ప్రభువు యొక్క మానవావతారమంతయు అట్టి దాటుటయే గదా. మహిమలో నున్నవాడు మన యొడ్డునకు వచ్చెను. పోయినప్పుడును మరల వచ్చెదనని చెప్పియే పోయెను.

ఇప్పుడు ఆ యువకునికి నేను ఆనాడు చెప్పలేకపోయిన సమాధానము చెప్పుదును. తమ్ముడా, నీ లెక్క సరియైనదే. పాతికమందియే. నీ పిల్లలు హిందీలోను ఇంగ్లీషులోను ప్రభువును స్తుతించుట మంచిదే, అది దేవుడు నీకు కట్టించిన వంతెన. కాని నీ తాత ఈ స్టేషనులో దిగిన రాత్రి అతనికి హిందీ రాదు, అతని చేతిలో మూట తప్ప మరేమియు లేదు. ఎవరో పాతికమంది తెలుగులో పాట పాడుచుండగా విని అతడు ఆ గుమ్మములో నిలిచెను. వారు అతని కొరకు ఆగిరి. నీవు అవతలి ఒడ్డున ఉన్నావంటే, ఆ పంటు ఆ రాత్రి వెనుకకు తిరిగినందుననే. నేడు ఆ గుమ్మములో నిలుచువాడు మరియొకని తాత కావచ్చును.

తెలుగు ఆరాధన ఎల్లకాలము ఉండవలెనని నేను చెప్పను. ఒకనాడు ఒడ్డున ఎవరును మిగులని దినము రావచ్చును. ఆ దినమున పడవను కృతజ్ఞతతో ఒడ్డుకు లాగి కట్టివేయుదము. అయితే ఒడ్డున ఒక ముదుసలియు ఒక పిల్లయు నిలిచి కేకవేయుచుండగా పడవను కట్టివేయు హక్కు మనకు లేదు. దాటనివారు ఎందరని లెక్కింపవలసిన పని లేదు, దాటినవారము మనము ఎందరమో లెక్కించుకొందము. ఆ ఋణము అంత గొప్పది.

ప్రియ పాఠకుడా, నీవు ఏ ఏరు దాటితివి? దారిద్ర్యమనెడి ఏరా? చదువురానితనమా? రోగమా? పాపమా? దాటునప్పుడు నీ కొరకు ఆగిన సరంగు ఎవరు? అతని పేరైనను జ్ఞాపకమున్నదా? ఈ సంవత్సరము ఒక్కసారియైనను నీ పంటును వెనుకకు త్రిప్పుము. ప్రయాణికులు సణుగుదురు. సణుగనిమ్ము, మనమందరమును ఒకప్పుడు ఒడ్డున నిలిచినవారమే.

పరలోకపు తండ్రీ, మేము కేకవేసినప్పుడు నీవు ఆగితివి. మాకంటె వెనుక వచ్చువారి కేక మాకును వినబడనిమ్ము. మా ఇనుమువంటి హృదయములను నీ యెదుట మెత్తపరచుము. దాటించుటను ఆరాధనగా ఎంచి, మరల మరల తిరిగివచ్చు ఓర్పును నీ కుమారుడైన యేసుక్రీస్తు ద్వారా మాకు దయచేయుము. ఆమేన్.